ఆదాయపు పన్ను రిటర్ను - అక్కరలేని రుసుములు

(సంఘం వార్షిక సమావేశంలో ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ప్రతి ఏడూ చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి ఆదాయపు పన్ను రిటర్ను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగినారు. "పన్ను సంగతి షావుకార్లది, బీదసాదలకు దానితో ఏం పని?" అని మీలో కొందరు అనుకోవచ్చు. అట్ల అనుకోవడం వల్లనే మన డబ్బు మన చేతికి రాకుండా మధ్యలో జారిపోతూ ఉంది. ఆ జారిపోయే డబ్బు గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

నేను ఉర్దూ పంతులును. నాకు తెలిసింది అక్షరాలు, మాటలు. కనుక మాటతోనే మొదలుపెడతాను. పన్ను కాగితాల దగ్గర మనం వాడే తెలుగు మాటలు చూడండి. దాఖలు, రసీదు, జమ, ఖర్చు, బాకీ, వసూలు. ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చినవే. వాటిని పల్లెలో అక్షరం రాని అవ్వ కూడా అర్థం చేసుకుంటుంది. మరి మాటలు ఇంత చుట్టాలైనప్పుడు పని మాత్రం ఎందుకు పరాయిదయింది? కంప్యూటరు తెర మీద ఇంగ్లీషులో కనబడేసరికి మనం భయపడి పక్కవాడి చేతికి ఫోను ఇచ్చేస్తున్నాం. భయానికి మనం కట్టే వెలను "ఫీజు" అంటున్నాం.

ముందుగా ముఖ్యమైన సంగతి చెప్పేస్తాను. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసేదానికి సర్కారు ఒక్క పైసా ఫీజు తీసుకోదు. గడువులోపల వేసే రిటర్నుకు ఫీజు సున్నా. దానికి ఆధార్ ఓటీపీతో ధ్రువీకరణ చేసేదానికి సున్నా. రిఫండు బ్యాంకులో జమ అయ్యేదానికి సున్నా. కొనాల్సిన సాఫ్ట్‌వేరు ఏదీ లేదు. ఎవరైనా "ఇది గవర్నమెంటు చార్జీ" అని చెప్పి రిటర్నుకు డబ్బు అడిగితే ఆ మాట నిజం కాదు.

ఇప్పుడు మనలో రిటర్ను ఎవరికి కావాలో చూద్దాం. జీతగాళ్ళు ఉన్నారు, టీచర్లు, ఆర్టీసీ వాళ్ళు, కరెంటు ఆఫీసు వాళ్ళు, పింఛనుదార్లు. వాళ్ళకు ఫారం 16 అలవాటే. కానీ రెండో రకం వాళ్ళు చాలామంది ఉన్నారు. దేవరగట్టు చుట్టుపట్ల పల్లెల నుంచి, హొళగుంద, హాలహర్వి, కౌతాళం వైపుల నుంచి సుగ్గికి పోయే కుటుంబాలు మీకు తెలుసు. కొందరు గుంటూరు వైపు మిరప కోతకు పోతారు, కొందరు బెంగుళూరులో కట్టడం పనికి పోతారు. అట్ల పోయినవాళ్ళలో ఒకరిద్దరు మేస్త్రీలుగా ఎదిగి, కంపెనీ దగ్గర పని ఒప్పుకొని, పదిమందిని పెట్టుకొని చేయిస్తున్నారు. అట్లనే సొంత లారీ, టెంపో నడిపేవాళ్ళు, ఆదోని మార్కెట్టులో దలాలీ చేసేవాళ్ళు ఉన్నారు. వీళ్ళకు బిల్లు ఇచ్చేటప్పుడు కంపెనీవాళ్ళు కొంత పన్ను పట్టుకొని మిగతాది ఇస్తారు. దాన్నే టీడీఎస్ అంటారు. కాంట్రాక్టు పని చేసిన వ్యక్తికి ఇచ్చే డబ్బులో సామాన్యంగా నూటికి ఒక రూపాయి పట్టుకొని, అతని పాన్ నంబరు మీద సర్కారుకు జమ చేస్తారు.

ఆ పట్టుకున్న డబ్బు పోయినట్టు కాదు. ఆ మనిషికి పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే మొత్తం తిరిగి ఇవ్వాలి. కానీ అడిగితేనే ఇస్తారు. అడిగే పద్ధతి పేరే రిటర్ను.

లెక్క వేసి చూపిస్తాను. ఒక మేస్త్రీ ఉన్నాడనుకోండి. ఏడాదిలో రెండు లక్షల నలభై వేల రూపాయల పని చేసినాడు. నూటికి ఒకటి చొప్పున 2,400 రూపాయలు పట్టుకున్నారు. కొత్త పన్ను పద్ధతిలో 2025-26 ఆర్థిక సంవత్సరానికి నాలుగు లక్షల వరకు ఆదాయానికి పన్నే లేదు. కాబట్టి ఆ 2,400 అతనికి తిరిగి రావాల. ఇప్పుడు అతను ఎవరి దగ్గరికో పోయినాడు. ఫారం నింపినందుకు 500 అన్నారు. "నీది జీతం కాదు, వ్యాపారం, దానికి పెద్ద ప్లాన్ కావాల" అని 1,000 అన్నారు. "రిఫండు తొందరగా వచ్చేటట్టు చేస్తాం" అని 300 అన్నారు. మొత్తం 1,800 అయింది. ఇంటికి వచ్చినది 600. రూపాయిలో బారాణా వాళ్ళకు, చారాణా మనవాడికి. చారాణా కోడికి బారాణా మసాలా అని మన ఇళ్ళలో నవ్వులాటకు అనేమాట ఇక్కడ అక్షరాలా నిజమయింది.

ఇందులో ఒక్కొక్క పద్దూ విప్పి చూద్దాం.

"పెద్ద ప్లాన్" అనేది ఎక్కడి నుంచి వచ్చింది? రిటర్ను వేసేదానికి ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటు ఒకటే. ఇన్‌కంట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ అని ఉందా లేదా చూసుకోండి. అది కాక రిటర్నులు వేసిపెట్టే ప్రైవేటు కంపెనీల వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. శాఖ దగ్గర నమోదు చేసుకొని చట్టప్రకారమే పనిచేసేవి ఉన్నాయి. వాటిని మోసం అని నేను అనడం లేదు. అది వాళ్ళ వ్యాపారం. కానీ ఆ వ్యాపారం ఎట్ల నడుస్తుందో మనకు తెలిసి ఉండాల. ముందు "ఉచితం" అని కనబడుతుంది. పేరు, పాన్, జీతం అన్నీ నింపుతాం. గంట సేపు కష్టపడినాక, చివరి మెట్టు దగ్గర, "మీకు రెండు ఫారం 16లు ఉన్నాయి, పై ప్లాన్‌కు మారండి" అని వస్తుంది. లేదా "మీకు షేర్లు ఉన్నాయి", "మీకు వ్యాపార ఆదాయం ఉంది" అని వస్తుంది. అప్పటికే అలసిపోయి ఉంటాం, గడువు దగ్గరపడి ఉంటుంది. సరేలే అని కట్టేస్తాం. అంతేకాక "నిపుణుల సలహా", "నోటీసు రక్షణ" అని కొన్ని గళ్ళు ముందే టిక్కు పెట్టి ఉండవచ్చు. మనం తీసేయకపోతే వాటి డబ్బు కూడా బిల్లులో చేరుతుంది.

సర్కారు వెబ్‌సైటులో ఈ మెట్లు లేవు. అక్కడ జీతగాడి ఫారం ఐటీఆర్-1, దాని పేరు సహజ్. చిన్న వ్యాపారుల ఫారం ఐటీఆర్-4, దాని పేరు సుగమ్. ఆస్తి అమ్మినవాళ్ళకు ఐటీఆర్-2, లెక్కల పుస్తకాలు రాసే వ్యాపారులకు ఐటీఆర్-3. నాలుగింటికీ వెల ఒకటే, సున్నా. రెండు చోట్ల పనిచేసి రెండు ఫారం 16లు ఉన్నా సున్నానే. యజమాని జమ చేసిన లెక్కల ప్రకారం జీతం, టీడీఎస్ అంకెలు ముందుగానే నింపి చూపిస్తుంది. మనం ఫారం 16 పక్కన పెట్టుకొని సరిచూసుకోవాల, అంతే. ఇంటర్నెట్ ఆగిపోతుందనే భయం ఉన్నవాళ్ళు కంప్యూటరులోకి దించుకొని నింపే సాధనం కూడా శాఖవాళ్ళే ఉచితంగా ఇస్తారు.

మన టీచర్లకు ఒక చిన్న హెచ్చరిక. మనలో చాలామందికి ఊళ్ళో నాలుగైదు ఎకరాల మెట్ట ఉంటుంది. పత్తో శనగో వేస్తాం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, నిజమే. కానీ అది ఏడాదికి 5,000 రూపాయలు దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాల. ప్రైవేటు సైట్లలో ఇట్లాంటి మలుపుల దగ్గరే "పై ప్లాన్" అడుగుతారు. సర్కారు సైటులో ఫారం మారుతుంది గాని వెల మారదు.

ఇక "రిఫండు తొందరగా" అనే మాట. రిటర్నులన్నీ చేరేది ఒక్క చోటికే, బెంగుళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి. ఏ సాఫ్ట్‌వేరు నుంచి వచ్చిందని చూసి ముందు వెనక చేసే పద్ధతి అక్కడ లేదు. మన బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందుగా ధ్రువీకరించుకొని, రిటర్ను తప్పుల్లేకుండా వేసి, వెంటనే ఆధార్ ఓటీపీతో ధ్రువీకరిస్తే అదే తొందర. ఇంతకుమించిన తొందర ఎవ్వరూ అమ్మలేరు.

"నోటీసు రక్షణ" అనే మాట కూడా అట్లాంటిదే. రిటర్ను వేసినాక శాఖ నుంచి ఒక సమాచార పత్రం ఈమెయిలుకు వస్తుంది. మీ లెక్క ఇదీ, మా లెక్క ఇదీ అని రెండు వరుసల్లో అంకెలు ఉంటాయి. రెండూ ఒకటే అయితే భయపడేది ఏమీ లేదు. రిటర్ను వేసిన ప్రతివాళ్ళకూ వచ్చేదే అది. దాన్ని చూపించి వందలు అడిగేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త.

చిన్న దుకాణదారులకు ఇంకో మాట. "మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు పాతది, అప్‌గ్రేడ్ చేయకపోతే రిటర్ను పోదు" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఐటీఆర్-4 వేసే చిన్న వ్యాపారి వచ్చిన అమ్మకంలో నూటికి 8, బ్యాంకు ద్వారా వచ్చినదైతే నూటికి 6, లేదా నిజంగా మిగిలినది అంతకంటే ఎక్కువైతే అదీ, ఆదాయంగా చూపించవచ్చు. సామాన్యంగా రెండు కోట్ల అమ్మకం వరకు ఈ వీలు ఉంది. ఈ పద్ధతిలో పెద్ద లెక్కల పుస్తకాలు రాయాల్సిన పని లేదని చట్టమే చెబుతూ ఉంది. పుస్తకమే అక్కరలేనప్పుడు పుస్తకం రాసే సాఫ్ట్‌వేరు మాట ఎందుకు? రోజువారీ అమ్మకం ఒక నోటుబుక్కులో రాసుకోండి, బ్యాంకు పాసుబుక్కు జాగ్రత్తగా పెట్టుకోండి. మీ సౌకర్యం కోసం సాఫ్ట్‌వేరు వాడుకుంటే వాడుకోండి. రిటర్ను కోసమని మాత్రం కొనవద్దు.

ఇంకొక సంగతి మీరు ఆలోచించాల. సర్కారు పోర్టల్ ఉచితం అంటున్నాం గాని, అది ఊరికే రాలేదు. 2019 జనవరిలో కేంద్ర మంత్రివర్గం కొత్త ఈ-ఫైలింగ్, ప్రాసెసింగ్ వ్యవస్థకు దాదాపు 4,242 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇన్ఫోసిస్ కంపెనీ తయారు చేసింది. 2021 జూన్ 7న కొత్త పోర్టల్ మొదలయింది. మొదట్లో చాలా ఇబ్బందులు పెట్టింది, పత్రికలన్నీ రాసినాయి. తర్వాత కుదుటపడింది. ఆ వేల కోట్లు ఎవరివి? మనం సబ్బు కొన్నప్పుడు, చెప్పులు కొన్నప్పుడు కట్టిన పన్నులో నుంచి వచ్చినవే. అంటే ఈ వాకిలికి మనం ఒకసారి డబ్బు కట్టేసినాం. తెరిచి ఉన్న వాకిలి పక్కన నిలబడి టిక్కెట్టు అమ్మేవాడి దగ్గర మళ్ళీ కొనడం దేనికి?

మన తెలుగు పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడి కథ వింటే ఇక్కడ మనకున్న వీలు విలువ తెలుస్తుంది. అక్కడ 2003 నుంచి ప్రభుత్వానికీ సాఫ్ట్‌వేరు కంపెనీలకూ ఒక ఒప్పందం నడిచింది. తక్కువ ఆదాయం వాళ్ళకు కంపెనీలు ఉచితంగా రిటర్ను వేసిపెట్టాల, ప్రభుత్వం తన సొంత వ్యవస్థ పెట్టకూడదు అని. జరిగింది ఏమిటంటే, ఉచితంగా వేసుకోదగినవాళ్ళే లక్షలమంది డబ్బు కట్టే ప్లాన్లలోకి మళ్ళినారు. చివరికి 2022 మే నెలలో టర్బోట్యాక్స్ అనే సాఫ్ట్‌వేరు అమ్మే ఇన్‌ట్యూట్ కంపెనీ, తప్పు చేసినామని ఒప్పుకోకుండానే, 50 రాష్ట్రాలతో రాజీ చేసుకొని 14 కోట్ల 10 లక్షల డాలర్లు తిరిగి ఇచ్చేదానికి అంగీకరించింది. సుమారు 44 లక్షల మందికి ఆ డబ్బు పంచినారు. ఆ తర్వాత 2024లో ప్రభుత్వమే డైరెక్ట్ ఫైల్ అనే ఉచిత పద్ధతిని 12 రాష్ట్రాల్లో ప్రయోగంగా పెట్టింది, 2025లో 25 రాష్ట్రాలకు పెంచింది, 2026కు దాన్ని ఆపేసింది. అంత పెద్ద దేశంలో జనం ఏది అడుగుతున్నారో అది మనకు ఇక్కడ ఉంది. ఉన్నా వాడుకోకపోతే తప్పు ఎవరిది?

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని తెలుగువాళ్ళు అంటారు. ఇక్కడ పూజారిని మనమే పిలిచి కూర్చోబెడుతున్నాం.

అయితే ఒక అపార్థం రాకూడదు. నేను ఎవరికీ ఏమీ ఇవ్వవద్దు అనడం లేదు. నెట్ సెంటరు పెట్టుకున్న పిల్లవాడు కరెంటు బిల్లు కడుతున్నాడు, బాడుగ కడుతున్నాడు. మన పని మీద అరగంట కూర్చుంటే అతని కష్టానికి కూలి ఇవ్వాల్సిందే. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమని మన పెద్దలు మనకు నేర్పినారు. అది కూలి అని చెప్పి తీసుకోవాల, సర్కారు ఫీజు అని చెప్పి తీసుకోకూడదు. ముందే ఎంతో మాట్లాడుకొని, రసీదు అడగండి.

అట్లనే కొన్ని పనులకు చార్టర్డ్ అకౌంటెంటు దగ్గరికో, అనుభవం ఉన్న పన్ను వకీలు దగ్గరికో తప్పకుండా పోవాల. స్థలమో ఇల్లో అమ్మినవాళ్ళు, గల్ఫ్ నుంచి ఆ ఏడే తిరిగి వచ్చినవాళ్ళు, విదేశంలో ఖాతా ఉన్నవాళ్ళు, ఆడిట్ అవసరమైన వ్యాపారం ఉన్నవాళ్ళు, శాఖ నుంచి నిజమైన నోటీసు అందినవాళ్ళు. మార్కెట్టులో దలాలీ చేసే సోదరులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. కమీషను ఆదాయానికి ఐటీఆర్-4లోని నూటికి 8, 6 లెక్క వర్తించదు. "ఏమప్పా, నాలుగే కదా అందరూ వేసేది" అని వేసేస్తే తర్వాత చిక్కు వస్తుంది. మీకు ఐటీఆర్-3 కావాల, దానికి తెలిసినవాళ్ళ సాయం కావాల. ఆ సాయానికి ఇచ్చే ఫీజు వృథా కాదు. మనిషి తెలివికి ఫీజు ఇవ్వండి. ఉచితంగా దొరికే కాగితానికి ఇవ్వవద్దు.

నిజంగా సర్కారుకు కట్టాల్సిన రుసుములు కూడా కొన్ని ఉన్నాయి, అవి వేరు. పాన్‌ను ఆధార్‌తో గడువులో జోడించనివాళ్ళు 1,000 రూపాయలు కట్టాల. గడువు దాటి రిటర్ను వేస్తే ఆలస్య రుసుము ఉంది. ఆదాయం ఐదు లక్షల లోపు అయితే 1,000, దాటితే 5,000. ఇక్కడ జీతగాళ్ళు మోసపోయే చోటు ఒకటి ఉంది. 2025-26కు కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల వరకు ఆదాయం ఉన్నవాళ్ళకు, జీతగాళ్ళయితే పన్నెండు లక్షల డెబ్బై ఐదు వేల వరకు, పన్ను పడదు. "పన్ను లేదు కదా, రిటర్ను ఎందుకు" అని ఊరకుంటారు. పన్ను పడకపోయినా, ఆదాయం నాలుగు లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. ఆరు లక్షల జీతగాడు పన్ను సున్నా అని ఊరకుండి, తర్వాత బ్యాంకు లోనుకు రిటర్ను అడిగితే 5,000 ఆలస్య రుసుము కట్టి వేస్తాడు. అక్కరలేని రుసుముల్లో ఇదే పెద్దది. జీతగాళ్ళకు గడువు సామాన్యంగా జూలై 31. 2025లో దాన్ని సెప్టెంబరు 15కు, ఆ తర్వాత ఒక్క రోజు పెంచి 16కు మార్చినారు. పొడిగిస్తారులే అని ఎదురుచూడవద్దు. డిసెంబరు 31 కూడా దాటితే ఆ ఏటి రిఫండు అడిగే వీలు సామాన్యంగా పోతుంది.

పాన్ కార్డు లేనివాళ్ళు ఆధార్‌తో ఈ-పాన్‌ను పోర్టల్‌లోనే ఉచితంగా తీసుకోవచ్చు. పని చేయించుకునే కంపెనీకి పాన్ ఇవ్వకపోతే నూటికి ఒకటి కాదు, నూటికి ఇరవై పట్టుకుంటారు. మన మేస్త్రీ లెక్కలో 2,400 బదులు 48,000 పోతుంది. రెండింటికీ తేడా చూడండి.

ఇప్పటిదాకా డబ్బు నష్టం గురించి చెప్పినాను. డబ్బు కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. "రిఫండు ఎంత వస్తే అందులో నూటికి పది మాకు" అని బేరం పెట్టేవాళ్ళు ఉన్నారు. విన్నప్పుడు న్యాయంగానే అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. రిఫండు పెరిగితే అతని వాటా పెరుగుతుంది. కాబట్టి లేని ఇంటి అద్దె, కట్టని ఇన్సూరెన్సు, ఇవ్వని చందా, తీసుకోని చదువు లోను అన్నీ రాసేస్తాడు. సంతకం ఎవరిది? మనది. దొరికినప్పుడు అతని వాటా వెనక్కి రాదు, పట్టుబడేది మనం. అబద్ధపు వివరాలు చూపినట్టు తేలితే ఎగవేసిన పన్ను మీద 200 శాతం జరిమానా, పైగా వడ్డీ.

ఇది ఊరికే బెదిరించేదానికి చెప్పడం లేదు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇట్లాంటి దొంగ మినహాయింపులు రాసిపెట్టేవాళ్ళ మీద దేశమంతా దాదాపు 150 చోట్ల తనిఖీలు చేసింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమంతట తాము రిటర్నులు సరిచేసుకొని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖ ప్రకటించింది. హలాల్ సంపాదన కోసం బెంగుళూరు ఎండలో ఇటుకలు మోసిన మనిషి, ఎవడో రాసిన అబద్ధానికి జవాబుదారీ కావడం మనకు సమ్మతమేనా?

అందుకే కొన్ని జాగ్రత్తలు చెబుతాను. పిల్లలు రాసుకోండి, ఇంటికి పోయి పెద్దలకు చదివి వినిపించండి.

మొదటిది, పోర్టల్‌లో మీ ఫోన్ నంబరు, మీ ఇంటివాళ్ళ ఈమెయిలు ఉండాల. రిటర్ను వేసిపెట్టేవాళ్ళ నంబరు ఉంటే శాఖవాళ్ళ ఉత్తరాలన్నీ వాళ్ళకే పోతాయి, మీకు ఏదీ తెలియదు. రెండోది, బ్యాంకు ఖాతా మీదే అయి ఉండాల. మూడోది, పాస్‌వర్డు మీ దగ్గర ఉండాల. ఇంకొకరు పెట్టి ఉంటే ఈరోజే మార్చండి. నాలుగోది, ఓటీపీ అంటే మీ వేలిముద్ర అనుకోండి. తెర మీద ఏముందో చదివించుకొని, సమ్మతమైతే మీరే నొక్కండి. ఐదోది, రిటర్ను పంపకముందు టీడీఎస్ ఎంత జమ అయిందో ఫారం 26ఏఎస్‌లో, వార్షిక సమాచార పత్రంలో చూసుకోండి. ఆరోది, పంపినాక 30 రోజుల్లో ధ్రువీకరణ చేయండి, చేయకపోతే వేసినా వేయనట్టే. ఏడోది, రసీదు కాగితం అచ్చు తీయించి రేషన్ కార్డు పక్కన పెట్టుకోండి. సందేహం వస్తే శాఖవారి ఉచిత నంబరు ఉంది, 1800 103 0025. "మీ రిఫండు మంజూరయింది, ఈ లింకు నొక్కండి" అని ఫోనుకు సందేశం వస్తే నొక్కవద్దు. శాఖవాళ్ళు మీ పిన్ను, ఓటీపీ ఎన్నడూ అడగరు.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలు అని 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేసినారు. సెక్షన్ల నంబర్లు, కొన్ని ఫారాల నంబర్లు మారతాయి. "చట్టం మారింది, కొత్త సాఫ్ట్‌వేరు కొనాల" అని ఎవరైనా వస్తే నమ్మవద్దు. చట్టం మారితే పోర్టల్‌ను మార్చుకునేది సర్కారే.

ఇక సంఘానికి నా విన్నపం. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతవారి సహకార సంఘం పెట్టినారు. ఒక్కొక్క నేతగాడు ఒంటరిగా చేయలేని పనిని పదిమంది కలిసి చేసి చూపించినారు. మనది అంత పెద్ద పని కూడా కాదు. జూన్ నెలాఖరు నుంచి జూలై మధ్య వరకు నాలుగు ఆదివారాలు, అసర్ నమాజు తర్వాత రెండు గంటల సేపు, సంఘం గదిలో ఒక సహాయ కేంద్రం పెడదాం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు చాలు. బీకాం చదివే మన ఆడపిల్లలు, మగపిల్లలు ఆరేడుగురిని ముందుగానే కూర్చోబెట్టి నేర్పిద్దాం. ఐటీఆర్-1, ఐటీఆర్-4 మాత్రమే మన దగ్గర వేద్దాం. అంతకు మించిన చిక్కు ఉంటే ఆడిటరు దగ్గరికి పంపుదాం. చేసేవాళ్ళు ఎవరి ఓటీపీనీ ముట్టకూడదు, ఎవరి పాస్‌వర్డూ రాసుకోకూడదు, ఎవరి దగ్గరా చాయ్ డబ్బులు కూడా తీసుకోకూడదు. అక్కచెల్లెళ్ళ కోసం ఒక పూట విడిగా పెడదాం. దర్జీ పని చేసి, ట్యూషన్లు చెప్పి సంపాదించే ఆడవాళ్ళ లెక్క వాళ్ళ చేతిలోనే ఉండాల.

దసరా రాత్రి దేవరగట్టులో బన్ని ఉత్సవం జరుగుతుంది. అక్కడ వైద్య శిబిరాన్ని అధికారులు ముందే సిద్ధం చేస్తారు. తలకు దెబ్బ తగిలినాక డాక్టరును వెతికేది ఉండదు. మన సహాయ కేంద్రం కూడా అట్లనే గడువుకు ముందు పెట్టాల. జూలై 30 రాత్రి వచ్చి తలుపు తడితే మనమూ ఏమీ చేయలేం.

ఈ సభ ముగిసేలోపు ఇద్దరు పిల్లలు కాగితం పట్టుకొని మీ దగ్గరికి వస్తారు. నేర్పడానికి ముందుకు వచ్చేవాళ్ళు ఒక వైపు, రిటర్ను కావాల్సినవాళ్ళు ఇంకో వైపు పేర్లు రాయించండి. పాన్ నంబరు, ఆధార్ నంబరు మాత్రం ఆ కాగితం మీద రాయవద్దు. పేరు, ఊరు చాలు.

సుగ్గికి పోయినవాళ్ళ తరఫున ఇంట్లో ఉన్న పెద్దలు వచ్చి ఉంటే, ఈ మాట వాళ్ళకు ఫోనులో చెప్పండి. పట్టుకున్న పన్ను 2,400 అయినా 240 అయినా అది వాళ్ళ చెమట డబ్బు. దాన్ని మొత్తంగా ఇంటికి తెచ్చుకునే మార్గం ఉందని తెలిస్తే, ఆ పైన వాళ్ళ ఇష్టం.